టర్బో కారులో ఎగ్జాస్ట్ లీకు, విరిగిన స్టడ్లు: హెడ్డు దింపక తప్పదా?

మీరు అడిగింది ఇదీ: టర్బో డీజిల్ కారు, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. కొన్ని నెలలుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే బానెట్ కింద టిక్ టిక్‌మని శబ్దం, పది నిమిషాలు పోయాక వినపడదు. పికప్ తగ్గింది. ఏసీ వేస్తే లోపలికి పొగ వాసన. మెకానిక్ ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (సిలిండర్ల పొగని ఒక్కచోట చేర్చి టర్బోకి పంపే పోత గొట్టం) విప్పబోతే, దాన్ని హెడ్డుకి, అంటే ఇంజిన్ పై భాగానికి, పట్టి ఉంచే స్టడ్లు (తల లేని మర బోల్టులు) రెండు పుటుక్కున విరిగి హెడ్డులో ఉండిపోయాయి. "హెడ్డు దింపాల్సిందే" అంటున్నాడు. దింపకుండా తీయడం కుదరదా, మళ్లీ విరగకుండా ఏం చేయాలి అని మీ ప్రశ్న.

కుదురుతుంది. నేను విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా డీజిల్ ఇంజిన్ల పనే చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చిన విరిగిన మేనిఫోల్డ్ స్టడ్లలో ఎక్కువ భాగం హెడ్డు బండి మీద ఉండగానే తీశాం. హెడ్డు దింపక తప్పనిది రెండు సందర్భాల్లోనే. ఒకటి, స్టడ్‌కి ఎదురుగా డ్రిల్ గానీ వెల్డింగ్ టార్చి గానీ పట్టే చోటు లేనప్పుడు. రెండోది, ఎవరో ముందే ఈజీ అవుట్ (విరిగిన ముక్కలో రంధ్రం వేసి, దూర్చి తిప్పే పనిముట్టు) పెట్టి తిప్పి, అది కూడా లోపల విరిగిపోయినప్పుడు. మీ మెకానిక్ ఇంకా ఆ పని చేయలేదు కాబట్టి ఈ రోజుకి చేయి ఆపమనండి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. స్టడ్ ఊరికే విరగదు. మెకానిక్ పానా వేసినప్పుడు విరిగినట్టు మీకు కనిపించింది గానీ, అది చాలావరకు అంతకుముందే పగిలి ఉంటుంది. విరిగిన ముక్క తెచ్చి చూడండి. విరిగిన ముఖం సగం నల్లగా మసిపట్టి, సగం వెండిలా మెరుస్తుంటే ఆ నల్లటి సగం నెలల కిందటే పగిలిందని అర్థం. మెరిసే సగం మాత్రమే ఆ రోజు విరిగింది. మీరు విన్న టిక్ టిక్ అదే. కాబట్టి మెకానిక్ మీద కోపం పెట్టుకోకండి. ఆ స్టడ్‌ని పగలగొట్టిన కారణం బండిలోనే ఉంది. దాన్ని పట్టుకోకుండా కొత్త స్టడ్ బిగిస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ ఇదే పని.

ఆ కారణాల్లో మొదటిది వేడి. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. నాలుగు సిలిండర్ల చిన్న ఇంజిన్‌లో మేనిఫోల్డ్ దాదాపు 40 సెంటీమీటర్ల పొడవుంటుంది అనుకోండి. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో, హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడో అది 500 డిగ్రీలు ఎక్కిందంటే పోత ఇనుము ఆ పొడవులో 2 మిల్లీమీటర్ల పైన సాగుతుంది. హెడ్డులో నీళ్లు తిరుగుతుంటాయి, అది 90 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అదే పొడవులో ముప్పావు మిల్లీమీటరు కూడా సాగదు. ఆ తేడా అంతా స్టడ్ల మీద పడుతుంది. మధ్యలో ఉన్న స్టడ్లకు తెలియదు, కొసల్లో ఉన్నవి వంగుతాయి. చల్లారగానే వెనక్కి వంగుతాయి. రోజుకి రెండు మూడు సార్లు చొప్పున ఏళ్ల తరబడి తీగని అటూ ఇటూ వంచినట్టే. అందుకే మొదటి సిలిండరు, చివరి సిలిండరు దగ్గరే విరుగుతాయి. మీవి కూడా ఆ చివరివే అయి ఉంటాయని నా అంచనా.

ఇంజిన్ తయారుచేసేవాళ్లకి ఇది తెలుసు. అందుకే మేనిఫోల్డ్ కొసల్లో రంధ్రాలు స్టడ్ కంటే కాస్త వెడల్పుగా ఇస్తారు, ఫ్లాంజి (హెడ్డుకి ఆనే మేనిఫోల్డ్ అంచు) జారడానికి. చాలామంది లీకు కనిపించగానే పొడుగు హ్యాండిల్ వేసి నట్టుని ఇంకా బిగిస్తారు. అప్పుడు ఫ్లాంజి జారడం మానేసి స్టడ్‌నే లాక్కుపోతుంది. బిగించే కొద్దీ విరగడం దగ్గరపడుతుంది.

టర్బో లేని బండిలో ఇలాంటి లీకు శబ్దంతో సరిపెట్టుకోవచ్చు. టర్బో ఉన్నదాంట్లో అలా కాదు. టర్బైన్‌ని (టర్బోలోని రెక్కల చక్రాన్ని) తిప్పేది ఈ వేడి పొగ ఒత్తిడే. అది దారిలోనే బయటికి పోతే టర్బో ఆలస్యంగా లేస్తుంది, గాలి తగ్గుతుంది, పొగ నల్లబడుతుంది. వేన్లు (టర్బైన్‌కి పొగ పోయే దారిని సన్నగా, వెడల్పుగా చేసే రెక్కలు) కదిలే టర్బో అయితే బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) చాలడం లేదని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) వేన్లని ఇంకా మూస్తుంది. దాంతో మేనిఫోల్డ్‌లో ఒత్తిడి పెరిగి అదే పగులులోంచి ఇంకా ఎక్కువ పొగ తన్నుతుంది. బీఎస్6 బండి అయితే డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి కాలడానికి కావాల్సిన వేడి అందక అది త్వరగా మూసుకుపోవడం కూడా చూశాను.

ఇప్పుడు భద్రత సంగతి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఏసీకి బయటి గాలి వచ్చే మార్గం అద్దం కింద, అంటే ఇంజిన్ గదికి ఆనుకునే ఉంటుంది. మేనిఫోల్డ్ దగ్గర కారిన పొగ తిన్నగా అందులోకి పోతుంది. డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెట్రోల్ కంటే తక్కువే గానీ అసలు లేకపోదు. పెట్రోల్ టర్బో అయితే మరీ ప్రమాదం, ఆ వాయువుకి రంగూ వాసనా ఉండవు. పని అయ్యేదాకా బండి ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని పడుకోవడం పూర్తిగా మానేయండి. పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు డ్రైవర్లు చేసే పని ఇదే. పిల్లల్ని అలా కార్లో కూర్చోబెట్టకండి. నడపక తప్పకపోతే అద్దాలు కొంచెం దించి నడపండి. ఇంకొకటి, ఆ పొగ సన్నటి ధారగా ఎక్కడ తగులుతుందో చూడండి. ఒక బండిలో ఇంజెక్టర్ వైర్ల మీదికే తగిలి పైపూత కరిగి రాగి తీగ బయటపడింది. ఇంకొన్నాళ్లు తిరిగి ఉంటే ఆ బండి రోడ్డు మీదే అంటుకునేది.

లీకు నిజంగా అక్కడేనా అని తేల్చుకోవడం కష్టం కాదు. ఇంటర్‌కూలర్ (టర్బో తోసే గాలిని చల్లబరిచేది) గొట్టం ఊడినా పికప్ పోతుంది, నల్లపొగ వస్తుంది, అందుకని రెండింటినీ కలిపేసుకుంటారు. గొట్టం లీకైతే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమంటుంది, చల్లటి స్టార్ట్‌లో ఏమీ ఉండదు. మేనిఫోల్డ్ లీకు చల్లగా ఉన్నప్పుడే గట్టిగా టిక్ టిక్‌మంటుంది, ఆర్‌పీఎం పెరిగితే శబ్దం కూడా వేగం అందుకుంటుంది, వేడెక్కి ఇనుము సాగాక సందు మూసుకుని ఆగిపోతుంది. మీరు చెప్పిన గుర్తులు సరిగ్గా ఇవే.

నేను చేసే పరీక్ష ఇది. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌కి సైలెన్సర్ మూతి దగ్గర బ్లోయర్ పెట్టి చుట్టూ గుడ్డ కూరి గాలి పంపుతాను. మేనిఫోల్డ్ చుట్టూ సబ్బు నీళ్లు బ్రష్‌తో రాస్తే లీకున్న చోట బుడగలు లేస్తాయి. చేయి పోని వెనక వైపు అగరుబత్తి వెలిగించి దగ్గర పెడితే పొగ ఒక్కసారిగా పక్కకి విదిలించినట్టు పోతుంది, లీకు అక్కడే. డీజిలో పెట్రోలో ఎక్కడా కారడం లేదని చూసుకున్నాకే అగరుబత్తి. వేడి మేనిఫోల్డ్ మీద మాత్రం ఎప్పుడూ సబ్బు నీళ్లు చల్లకండి, పోత ఇనుము పగులుతుంది.

ఇక విరిగిన స్టడ్లు తీయడం. నాకు పని నేర్పిన మేస్త్రి ఒకటే చెప్పేవాడు: మొదటి ప్రయత్నమే మంచి ప్రయత్నం, అది చెడితే తర్వాతవన్నీ కష్టాలే. అందుకే ఈజీ అవుట్‌తో మొదలుపెట్టొద్దు. అది బాగా గట్టిపరిచిన ఉక్కు. తుప్పు పట్టి బిగుసుకున్న ఎం8 (8 మిల్లీమీటర్ల) స్టడ్‌లో చిన్న రంధ్రం వేసి దాన్ని తిప్పితే స్టడ్ కంటే ముందు అదే విరుగుతుంది. ఆ తర్వాత మామూలు డ్రిల్ బిట్ దాని మీద గీత కూడా పెట్టలేదు. ఏలూరు వైపు నుంచి అలాంటి బండి ఒకటి వచ్చింది. హెడ్డు దింపి స్పార్క్ ఎరోజన్ (కరెంటు మెరుపులతో లోహాన్ని కొరికేసే) యంత్రం దగ్గరికి పంపాల్సి వచ్చింది. హెడ్ గ్యాస్కెట్, హెడ్ బోల్టులు, టైమింగ్ మళ్లీ సెట్ చేయడం అన్నీ మీద పడ్డాయి. ఒక్క ఐదు నిమిషాల తొందర వల్ల.

స్టడ్ ముక్క కొంచెమైనా బయటికి ఉంటే, లేదా హెడ్డు ముఖానికి సమంగా విరిగి ఉంటే, మంచి దారి నట్టు వెల్డింగ్. ముందురోజు సాయంత్రమే స్టడ్ మొదట్లో తుప్పు విడిపించే నూనె పెట్టి రాత్రంతా నాననిస్తాం. పొద్దున బ్యాటరీ రెండు తీగలూ తీసేస్తాం, ఈసీయూ కనెక్టర్ ఊడదీస్తాం. వెల్డింగ్ ఎర్త్‌ని బాడీకి కాకుండా హెడ్డు మీదే దగ్గర్లో పెట్టాలి, లేకపోతే కరెంటు సెన్సర్లలోంచి దారి వెతుక్కుంటుంది. పోర్టులన్నీ (హెడ్డులో పొగ బయటికొచ్చే రంధ్రాలు) గుడ్డతో మూసి, డీజిల్ పైపుల మీద తడి గోనె కప్పి, పక్కన మంట ఆర్పే సిలిండర్ పెట్టుకుంటాం. స్టడ్ మీద వాషర్, దాని మీద కాస్త పెద్ద నట్టు పెట్టి సీఓటూ వెల్డింగ్‌తో నట్టు లోపలి నుంచి నింపుతాం. స్టడ్ లోపలికి విరిగి ఉంటే ముందు దాని మీద బొట్టు బొట్టుగా ఉక్కు పోసి ఎత్తు పెంచుకుంటాం. ఉక్కు అల్యూమినియంకి అతకదు కాబట్టి చేయి స్థిరంగా ఉన్నవాడు చేస్తే హెడ్డుకి ఏమీ కాదు. చేయి వణికేవాడి చేతికి మాత్రం ఇవ్వొద్దు.

నట్టు చెర్రీ పండు రంగులోంచి నల్లబడేదాకా ఆగాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. ఎర్రగా ఉండగానే తిప్పితే అది మెత్తగా ఉంటుంది, మెలిపడి తెగుతుంది. నల్లబడ్డాక, ఇంకా వేడి ఉండగానే, మామూలు కొవ్వొత్తి ముక్క స్టడ్ మొదట్లో ఆనిస్తే మైనం కరిగి సుయ్యిమంటూ మరల్లోకి దిగుతుంది. అప్పుడు పానా వేసి ముందు బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపు. మళ్లీ అటు, మళ్లీ ఇటు. ఏదో ఒక క్షణంలో కిర్రుమని చిన్న శబ్దం వస్తుంది, గోధుమరంగు పొడి మరల చుట్టూ రాలుతుంది. అది చేతికి తెలుస్తుంది. అప్పుడు కూడా ఒకేసారి లాగకుండా పావు చుట్టు బయటికి, కొంచెం లోపలికి, ఇంకొంచెం నూనె. మొదటి నట్టు ఊడొస్తే ఇంకోటి పెట్టండి. నాలుగో నట్టుకి కదిలిన స్టడ్లు ఉన్నాయి, వెల్డింగ్ వేసిన ప్రతిసారీ ఆ వేడి తుప్పుని కొంచెం వదిలిస్తుంది.

గ్యాస్ కట్టర్ మంట హెడ్డు మీద పెడతానంటే ఒప్పుకోకండి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, కరగబోయే ముందు ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు కూడా.

వెల్డింగ్‌కి లొంగకపోతే అప్పుడు డ్రిల్. ఇందులో కష్టమంతా సెంటర్‌దే. చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తన, స్టడ్ గట్టిది. బిట్ కాస్త పక్కకి పడ్డా మెత్తని వైపే జారుతుంది. మేం లేత్ మీద ఒక బుష్ చేయిస్తాం: బయట కొలత మేనిఫోల్డ్ రంధ్రానికి సరిపోయేలా, మధ్యలో 4 మిల్లీమీటర్ల రంధ్రం. మిగతా స్టడ్లకి మేనిఫోల్డ్‌ని బిగించి, ఆ బుష్‌లోంచి డ్రిల్ చేస్తే తిన్నగా మధ్యలోకే పోతుంది. కొస రంధ్రాలు వెడల్పు కాబట్టి అక్కడ సెంటర్ కొలిచి సరిచూసుకోవాలి. ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్లు దొరికితే అవే వాడండి, చాలాసార్లు డ్రిల్ చేస్తుండగానే ముక్క తిరిగి బయటికి వచ్చేస్తుంది. ఎం8 అయితే 4, 5, ఆపైన 6.5 దాకా పోయి ఆగాలి. మిగిలిన పలచటి పెంకు సూదిమొన ఉలితో ఊడుతుంది. తర్వాత 1.25 మిల్లీమీటర్ల మర ట్యాప్‌తో (మర కోసే పనిముట్టు) శుభ్రం. మర పోయిందా, హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే స్టీలు తీగ చుట్ట) వేయించండి. అల్యూమినియంలో స్టీలు కాయిల్ అసలు మర కంటే గట్టిగానే నిలుస్తుంది. కొన్ని ఇంజిన్లలో ఈ రంధ్రం నీటి గదిలోకి తెరుచుకుంటుంది, అలాంటి చోట కొత్త స్టడ్ మరకి సీలెంట్ తప్పనిసరి.

డ్రిల్ పొట్టు విషయంలో నేను ఎవరినీ నమ్మను, నా కుర్రాళ్లని కూడా. చిన్న డీజిల్ టర్బో నిమిషానికి 2,00,000 చుట్ల దాకా తిరుగుతుంది. బియ్యపు గింజంత ఉక్కు ముక్క పోర్టులో మిగిలినా టర్బైన్ రెక్కలు పోతాయి. బిట్‌కి గ్రీజు రాసి పని చేయాలి, పొట్టు దానికి అంటుకుంటుంది. అయ్యాక వాక్యూమ్‌తో లాగాలి, ఎయిర్ గన్‌తో లోపలికి ఊదకూడదు. గుడ్డలు ఎన్ని పెట్టామో లెక్కపెట్టుకుని అన్నీ తీయాలి.

సరే, స్టడ్లు వచ్చాయి. ఇప్పుడు విరిచిన కారణం వెతకాలి. మేనిఫోల్డ్ చేతిలో ఉంది కాబట్టి ఇదే సమయం. దాని ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి ఉక్కు బద్ద) పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి చూడమనండి. వంగి ఉంటే ఎంతవరకు పరవాలేదో మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉంటుంది. దాటితే సర్ఫేస్ గ్రైండింగ్ చేయించాలి, అన్ని ఫ్లాంజిలూ ఒకే సెట్టింగ్‌లో. పగుళ్లు కూడా చూడండి, రెండు గొట్టాలు కలిసే మూలలోనూ, టర్బో కూర్చునే చోటా. పోత ఇనుముకి నికెల్ రాడ్‌తో వెల్డింగ్ చేస్తారు గానీ, టర్బో బండిలో అది నిలుస్తుందని నేను హామీ ఇవ్వను. పగులు పెద్దదైతే మేనిఫోల్డ్ మార్చడమే నయం.

తర్వాత టర్బోని కింద నుంచి మోసే సపోర్ట్ బ్రాకెట్ ఉందో లేదో చూడండి. ఒక టూరిస్ట్ కారు ఇదే కొస స్టడ్ మూడోసారి విరిగి మా దగ్గరికి వచ్చింది. రెండుసార్లు వేరే చోట్ల మార్పించారు. నేను టర్బో కింద చేయి పెట్టి చూస్తే బ్రాకెట్ లేదు. ఎప్పుడో క్లచ్ పనికి తీసినవాళ్లు, చేయి అందని బోల్టు కదా అని వదిలేశారు. టర్బో బరువంతా, గుంతలో పడ్డప్పుడల్లా, మేనిఫోల్డ్ మీద వేలాడుతోంది. బ్రాకెట్ వేశాక ఆ కారు ఇప్పటికి నాలుగేళ్లుగా తిరుగుతోంది. అలాగే టర్బో తర్వాత వచ్చే జాలీ గొట్టం (వంగే గొట్టం) బిగుసుకుపోయినా, ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ని మోసే రబ్బరు దిమ్మలు) అణిగిపోయినా, ఇంజిన్ ఊగినప్పుడల్లా సైలెన్సర్ బరువు స్టడ్లని లాగుతుంది. ఈ మూడూ చూడకుండా బిగించనివ్వకండి.

నీళ్లలో నిలిచిన బండ్ల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నానాయి. వాటికి ఇంజిన్ ఆయిలు, వైరింగు, సీట్లు చేయించుకున్నారు గానీ మేనిఫోల్డ్ నట్లని ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది తర్వాత వచ్చినవాటిలో నట్టూ స్టడ్డూ ఒకే ముక్కలా అయిపోయి ఉన్నాయి. అలాంటి బండిలో పానా వేయకముందే నట్టుని ఉలితోనో గ్రైండర్‌తోనో నిలువుగా చీల్చేయడం మంచిది. నట్టు పోయినా స్టడ్ దక్కుతుంది.

తిరిగి బిగించేటప్పుడు విరిగిన రెండే కాదు, ఆ వరసలో ఉన్న స్టడ్లూ నట్లూ అన్నీ కొత్తవి వేయించండి. మిగిలినవి కూడా అన్నేళ్లూ అంతే వంగాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు బోల్టు వద్దు, ఎగ్జాస్ట్ కోసం ఇచ్చే స్టడ్డే. నైలాన్ లాక్ నట్టు వద్దు, మొదటి రోజే కరుగుతుంది. స్ప్రింగ్ వాషర్ ఆ వేడికి ఒత్తు కోల్పోతుంది, అదీ వద్దు. మొత్తం ఉక్కుతో చేసిన లాక్ నట్టు వేయాలి. రేకుల గ్యాస్కెట్ కొత్తదే, పాతదాన్ని తుడిచి వేయకూడదు. లీకు ఆగుతుందని సిలికాన్ పేస్టు పూస్తానంటే ఒప్పుకోకండి. ఆ వేడికి అది నిలవదు, పెచ్చులూడి టర్బైన్‌లోకి పోతుంది.

బిగింపు మధ్య నుంచి మొదలై కొసలకి పోవాలి, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో. ఎం8 స్టడ్లకి చాలా ఇంజిన్లలో 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది, మీ మాన్యువల్ అంకె చూసుకోండి. అది చేతికి "ఇంతేనా" అనిపిస్తుంది. అంతే. మరకి నికెల్ పేస్టు (మర బిగుసుకుపోకుండా పూసేది) రాస్తే జారుడు పెరుగుతుంది, అదే టార్క్‌కి ఎక్కువ బిగుస్తుంది. మాన్యువల్ పొడి మరకే అంకె ఇస్తే కొంచెం తగ్గించాలి.

టర్బో కూడా దింపి ఉంటే దాని ఆయిల్ పైపులకి కొత్త రాగి వాషర్లు వేసి, ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పోసి, ఇంజెక్టర్ కనెక్టర్లు తీసి స్టార్ట్ కాకుండా కాసేపు క్రాంక్ కొట్టించాలి. స్టార్ట్ అయ్యాక నాలుగైదు నిమిషాలు ఐడిలింగ్‌లోనే ఉంచాలి, యాక్సిలరేటర్ తొక్కకూడదు. ఎండిన బేరింగుల మీద టర్బో తిరిగితే ఈ పనంతా బూడిదలో పోసినట్టే.

రేపు మీ మెకానిక్ దగ్గరికి వెళ్లి రెండు విషయాలు చూసి చెప్పండి: స్టడ్లు ఏ సిలిండరు దగ్గర విరిగాయి, హెడ్డు ముఖానికి ఎంత లోపల ఉన్నాయి. దాన్నిబట్టి వెల్డింగ్‌కి పోవాలా డ్రిల్‌కి పోవాలా చెబుతాను. టర్బో కింద బ్రాకెట్ కూడా టార్చి లైటు వేసి మీ కళ్లతో చూడండి.